కొమ్మ పంగలో కుర్చీ బలం

ప్రకృతిని చూసి చేసిన కుర్చీ అనగానే చాలామంది ఆలోచన వీపు పలక మీద చెక్కిన తీగ దగ్గరో, తామర రేకు దగ్గరో ఆగిపోతుంది. ఆ పనితనం గొప్పదే. కానీ చెట్టు దగ్గర అంతకన్నా ముందు నేర్చుకోవలసింది ఉంది: బరువు ఎటు దిగుతుంది, కలపలో నార ఎటు నడుస్తుంది అన్నది.

గోదావరి కాలువ గట్టున ఉన్న ఏ నిద్రగన్నేరు కిందనైనా నిలబడి, కొమ్మ మానులో కలిసే చోటును గమనించండి. అక్కడ పదునైన మూల కనిపించదు. కొమ్మ మొదలు కొద్దికొద్దిగా లావెక్కుతుంది, వంపు మెల్లగా విప్పుకుంటూ మానులో కలిసిపోతుంది. మూల ఉంటే ఒత్తిడి అక్కడే పోగుపడి, విరగడం అక్కడే మొదలవుతుంది. అందుకే గాలికి ఊగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడే చోట చెట్టు ఎక్కువ కలప పెంచుకుంటుంది.

ఈ వంపు గీయడానికి స్కేలు, పెన్సిలు చాలునని జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మట్‌హెక్ చూపించారు. కుర్చీ కాలు అడ్డకర్రను కలిసే మూలలో, కాలికి 45 డిగ్రీల వాలుతో ఒక గీత గీయాలి. దాని నడిమి నుంచి 22.5 డిగ్రీల వాలుతో మరొకటి, దాని నడిమి నుంచి 11.25తో ఇంకొకటి గీసి, మిగిలిన కోణాలను నునుపు చేయాలి. ఆ గీత దాటకుండా వడ్రంగి ఉలి ఆపితే చాలు, అదే కర్ర మరింత బరువు మోస్తుంది.

ఇక నార సంగతి. తిన్నటి పలకలోంచి కుర్చీకి వంపు చేతిని రంపంతో కోస్తే, వంపు దగ్గర నార తెగిపోతుంది. కలపకు నిలువునా ఉన్న బలం అడ్డంగా ఉండదు కాబట్టి చెయ్యి అక్కడే విరుగుతుంది. చెక్క పడవలకు పేరుపడ్డ తాళ్లరేవు, కోరంగి ప్రాంతానికి ఇది కొత్త విషయం కాదు. పడవ లోపలి వంపు కర్రల కోసం పుట్టుకతోనే వంగిన కొమ్మలను ఏరుకోవడం పడవల వడ్రంగంలో పాత పద్ధతి. వియన్నాలో కుర్చీలు తయారుచేసిన మైకేల్ థోనెట్ ఇంకో దారి పట్టారు. ఆవిరి పట్టిన బీచ్ అనే యూరప్ చెట్టు కర్రను, బయటి వైపు సాగిపోకుండా ఇనుప పట్టీ బిగించి వంచారు. 1859 నాటి ఆయన 14వ నంబరు కుర్చీలో నార తెగకుండా వంపు వెంటే తిరుగుతుంది.

కోనసీమ కొబ్బరి అన్నిటికన్నా విచిత్రమైనది. టేకుకు చేవ నడుమన ఉంటే, కొబ్బరికి గట్టిదనమంతా బయటి అంచున, అందులోనూ మొదలు దగ్గర ఉంటుంది. లోపలంతా మెత్తటి బెండు. మాను గాలికి వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది కూడా ఆ అంచు మీదే. అడ్డంగా కోసి చూడండి: అంచున నల్లటి చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, నడిమికి వెళ్లేకొద్దీ పలుచబడతాయి. నీటినీ ఆహారాన్నీ మోసే నాళాల కట్టలవి. నిలువుగా కోస్తే అవే గోధుమరంగు చారలవుతాయి. ముదురు చెట్టు మొదలులో, అంచు నుంచి తీసిన కర్రలే కుర్చీ కాళ్లకు పనికొస్తాయి. రంపం త్వరగా మొద్దుబారుతుంది, అయినా ఆ చారల అందం చూస్తే ఆ శ్రమ వృథా కాదనిపిస్తుంది.

కోసిన తర్వాతా కలప కదులుతూనే ఉంటుంది. డెల్టా తేమకు మామిడి పలక పొడవున దాదాపు మారదు, వెడల్పున ఉబ్బుతుంది. అందుకే బల్ల పైపలకకు వేసే మరలకు గుండ్రటి రంధ్రాలు కాక, వెడల్పు దిశలో కాస్త సాగిన రంధ్రాలు తొలవాలి.