మంచి ఏరియా అంటే ఖరీదైన ఏరియాయేనా? ఇల్లు వెతికేవాళ్ల అపోహలు - వాస్తవాలు

నా పని ఇళ్లు వెతికి పెట్టడం. ఉద్యోగం మారి కొత్తగా నగరానికి వచ్చేవాళ్లు, పిల్లలు పుట్టాక ఉన్న ఇల్లు ఇరుకైపోయినవాళ్లు, అద్దె పెంచేసరికి ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లు, అందరూ మొదట అడిగేది ఒకటే: "బాగుండాలి, బడ్జెట్‌లో ఉండాలి, అలాంటి ఏరియా ఏదైనా చెప్పండి." ఇందులో అత్యాశ ఏమీ లేదు, అలాంటివి ఏ మహానగరంలోనైనా ఉంటాయి. కాకపోతే వెతకడం మొదలుపెట్టకముందే మనసులో కొన్ని నమ్మకాలు పెట్టుకుని వస్తారు. వాటిని వదిలించడానికే నాకు సగం టైమ్ పోతుంది.

ముందు ఒక్క మాట. ఒక ఏరియాలో అద్దె పక్క ఏరియా కన్నా తక్కువగా ఉందంటే అది ఊరికే తగ్గదు, దానికో కారణం ఉంటుంది. రైళ్ల చప్పుడు కావచ్చు, పేరులేని స్కూలు కావచ్చు, పాతబడ్డ భవనాలు కావచ్చు, ఎప్పుడో వచ్చిన చెడ్డపేరు ఇంకా పోకపోవడం కావచ్చు. ఆ కారణం మీకు ఇబ్బందా కాదా అన్నదే చూసుకోవాలి. ఇబ్బంది కాకపోతే ఆ తగ్గింపంతా మీ జేబులోనే మిగులుతుంది. నేను చేసే పనంతా ఇదే, మిగతావన్నీ దీనికి కొసర్లు.

అపోహ: ఊరి నడిబొడ్డుకి ఎంత దూరం పోతే అంత చవక.

అద్దె తగ్గే మాట నిజం. విలియం అలొన్సో అనే ఆర్థికవేత్త 1964లోనే దీన్ని సిద్ధాంతంగా రాశాడు. కేంద్రానికి దూరమయ్యే కొద్దీ నేల విలువ ఎందుకు తగ్గుతుందంటే, అక్కడ ఉండేవాళ్లకి రోజూ తిరగడానికయ్యే డబ్బూ టైమూ పెరుగుతాయి కాబట్టి. అంటే దూరానికి దొరికే తగ్గింపు మీరు కనిపెట్టిన బేరం కాదు. మీరు పడబోయే అవస్థకి మార్కెట్ ముందే కట్టిన వెల.

అందుకే అద్దెని ఒంటరిగా చూడొద్దంటాను. షికాగోలో సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అని ఒక సంస్థ ఉంది. వాళ్లు ఇంటి ఖర్చునీ ప్రయాణం ఖర్చునీ కలిపి లెక్కేస్తారు, రెండూ కలిసి ఆదాయంలో 45 శాతం దాటకపోతేనే ఆ చోటు మనకి అందుబాటులో ఉన్నట్టు. ఈ లెక్కలో పెట్టి చూస్తే చవక అని పేరున్న చాలా శివార్లు జాబితాలోంచి ఎగిరిపోతాయి, ఎందుకంటే అక్కడికి వెళ్లాక ఇంట్లో రెండో బండి తప్పనిసరి అవుతుంది. దాని వాయిదా, ఇంధనం, ఇన్సూరెన్స్, పార్కింగ్, ఇవేవీ అద్దె ప్రకటనలో కనిపించవు.

ఇక టైమ్ సంగతి. అటు గంట, ఇటు గంట, నెలకి 22 పనిరోజులు అనుకుంటే 44 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసేవాళ్లకి ఇది నెలనెలా ఇంకో వారం డ్యూటీ, అదీ జీతం లేకుండా. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే డేటాతో చూస్తే, ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లు మొత్తం మీద జీవితంతో తక్కువ తృప్తిగా ఉన్నారు. తగ్గిన అద్దెగానీ పెరిగిన జీతంగానీ ఆ వెలితిని పూర్తిగా పూడ్చలేదు. పెద్ద ఇంటికి రెండు నెలల్లో అలవాటు పడిపోతాం గానీ ట్రాఫిక్‌కి మాత్రం ఏ రోజుకారోజు కొత్తగానే ఒళ్లు మండుతుంది అనేది నా అభిప్రాయం.

మరి శివారు ఎవరికి పనికొస్తుంది? వారానికి ఒకసారి ఆఫీసుకి వెళ్తే సరిపోయేవాళ్లకి. వాళ్లు పడని అవస్థకి వాళ్లకి తగ్గింపు దొరుకుతోంది, హాయిగా తీసుకోవచ్చు.

అపోహ: ఆదాయంలో 30 శాతం లోపు అద్దె ఉంటే సేఫ్.

ఈ 30 ఎక్కడినుంచి వచ్చిందో చాలామందికి తెలీదు. అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్ల అద్దె ఆదాయంలో 25 శాతం మించకూడదని 1969లో పరిమితి పెట్టారు, 1981లో దాన్ని 30కి పెంచారు. అంతే. సర్కారు తన ఇళ్లకి పెట్టుకున్న పరిమితి అది, అందరి ఇంటి బడ్జెట్‌నీ పరిశోధించి తేల్చిన సూత్రం కాదు. జీతం బాగా ఉన్న ఒంటరి మనిషి 40 శాతం కట్టినా మిగిలిన దాంతో దర్జాగా బతకొచ్చు, తక్కువ ఆదాయంలో నలుగురున్న ఇంటికి 25 కూడా బరువే. శాతం పక్కనపెట్టి, అద్దె పోగా చేతిలో ఎంత మిగులుతుందో కాగితం మీద రాసుకోండి.

అపోహ: పేరున్న ఏరియాలో ఉంటేనే ఆ సౌకర్యాలు దొరుకుతాయి.

నాకు బాగా నచ్చే టాపిక్ ఇది, కాబట్టి కొంచెం సాగదీస్తాను.

ఏరియా పేరుకి ధర ఉంటుంది. అది ఎంత ధర అంటే, ఏజెంట్లు ఆ పేరుని రబ్బరు బ్యాండులా సాగదీసి పక్క వీధులకి కూడా తగిలిస్తుంటారు. న్యూయార్క్‌లో దక్షిణ హార్లెమ్‌ని 'సోహా' అని పిలవడం మొదలుపెడితే 2017లో అక్కడివాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు, ఏజెంట్లు ఇష్టమొచ్చినట్టు పేర్లు పెట్టకుండా చట్టం తేవాలనేదాకా వెళ్లింది. కొత్తపేరు పెట్టినంత మాత్రాన పార్కు దగ్గరికి జరగదు, స్టేషన్ దగ్గరికి రాదు. అద్దె మాత్రం పెరుగుతుంది.

దీన్నే తిరగేసి వాడుకోండి. పేరున్న ఏరియా సరిహద్దు ఎక్కడుందో మ్యాప్‌లో చూసి, ఆ గీత దాటాక మొదటి రెండు మూడు వీధుల్లో వెతకండి. అదే పార్కు, అదే బజారు, అదే బస్సు, కాకపోతే చిరునామాలో వేరే పేరు. చిరునామా చూసి మీ గురించి గొప్పగా అనుకునేవాళ్లు మీ జీవితంలో ఎంతమంది ఉన్నారు చెప్పండి?

స్కూళ్ల విషయమూ ఇంతే. ఇంటి చిరునామాని బట్టి స్కూల్లో సీటు ఇచ్చే దేశాల్లో ఈ గీత మరీ పదునుగా ఉంటుంది. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో మసాచుసెట్స్‌లో సరిగ్గా స్కూల్ హద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్లని పోల్చి చూసింది. పిల్లల మార్కులు 5 శాతం ఎక్కువున్న స్కూలు వైపు ఇళ్లకి దాదాపు 2.5 శాతం ఎక్కువ ధర పెడుతున్నారని తేలింది. మీకు బడికెళ్లే పిల్లలుంటే ఆ డబ్బు పెట్టడంలో అర్థముంది. లేకపోతే ఎవరి పిల్లల చదువుకో మీరు నెలనెలా కడుతున్నట్టు! పిల్లల్లేని జంటలు, పిల్లలు పెద్దవాళ్లయిపోయినవాళ్లు ముందుగా చూడాల్సింది స్కూలు పేరు అంతంతమాత్రంగా ఉన్న వైపే.

భవనాల వయసూ అలాంటిదే. లిఫ్ట్ పాతది, గోడ రంగు వెలిసింది, లాబీలో అద్దాల్లేవు అని చాలామంది మొహం తిప్పేసుకుంటారు. పాత కాలనీల్లో మాత్రం చెట్లు ఎదిగి ఉంటాయి, భవనానికీ భవనానికీ మధ్య ఖాళీ ఉంటుంది, నడిచే దూరంలో అన్నీ ఉంటాయి. వియన్నాలో 1930లో ప్రారంభించిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే మునిసిపల్ హౌసింగ్ బ్లాకు కిలోమీటరుకి పైగా పొడవుంటుంది, అందులో ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు. పాత ఇంట్లో చూడాల్సింది రంగు కాదు, పైపులూ వైరింగూ. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి ధార సన్నబడుతుందేమో చూడండి, సింకు కింద తలుపు తీసి చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి, ఎన్ని ప్లగ్ పాయింట్లు ఉన్నాయో లెక్కపెట్టండి.

అపోహ: క్రైమ్ మ్యాప్‌లో ఎర్రగా ఉంటే ప్రమాదం, నిశ్శబ్దంగా ఉంటే భద్రం.

నేరాల రేటుని సాధారణంగా అక్కడ నివసించే జనాభాతో భాగించి చెప్తారు. లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్‌లో 2021 జనగణన ప్రకారం కాపురం ఉండేవాళ్లు 10 వేలలోపే, పని కోసం వచ్చిపోయేవాళ్లు 5 లక్షలకి పైనే. ఆ 5 లక్షల మందిలో ఎవరి ఫోన్ పోయినా లెక్క ఆ కొద్దిమంది నెత్తిన పడుతుంది. పెద్ద స్టేషన్లు, బజార్లు, ఆఫీసులున్న ఏ ప్రాంతమైనా మ్యాప్‌లో ఎర్రగా కనిపించడానికి ఇదే కారణం. మొత్తం సంఖ్య వదిలేసి ఏ రకం నేరాలో చూడండి. షాపుల్లో చిల్లర దొంగతనాలు వేరు, ఇళ్లు పగలగొట్టడం వేరు, దారిలో మీద పడటం వేరు.

ఇక నిశ్శబ్దం. నగరాల గురించి రాసిన జేన్ జాకబ్స్ అనే రచయిత్రి 1961లోనే చెప్పింది, వీధికి కాపలా పోలీసుల కన్నా ముందు వీధిని గమనిస్తుండే జనం కళ్లే అని. రాత్రి పదింటికి ఒక షాపు తెరిచి ఉందా, కింది అంతస్తుల కిటికీలు రోడ్డు వైపు ఉన్నాయా లేక పొడవాటి ప్రహరీ గోడేనా, ఆడవాళ్లు ఒంటరిగా తాపీగా నడుస్తున్నారా లేక వడివడిగా వెళ్లిపోతున్నారా, ఇవి ఏ మ్యాప్‌లోనూ ఉండవు. కాస్త గోలగా ఉండే వీధి చాలాసార్లు నిర్మానుష్యమైన ఖరీదైన వీధి కన్నా నయం.

అపోహ: ఒకసారి వెళ్లి చూస్తే ఏరియా తెలిసిపోతుంది.

ఇల్లు చూపించే టైమ్ ఎప్పుడూ ఓనర్‌కి అనుకూలంగానే ఉంటుంది, ఇది మా ఫీల్డులో అందరికీ తెలిసిన సంగతి. సెలవురోజు మధ్యాహ్నం రమ్మంటారు, కిటికీలు మూసి ఫ్యాన్ వేసి ఉంచుతారు. మీరు చేయాల్సిన మొదటి పని ఆ కిటికీ తెరిచి, ఫ్యాన్ ఆపి, మాటలాపి రెండు నిమిషాలు నిలబడటం. వెనకవైపు సూపర్‌మార్కెట్ గోడౌన్ ఉందనుకోండి, సరుకుల లారీ రివర్స్ చేసేటప్పుడు వచ్చే బీప్ బీప్ తెల్లవారుజామున సరిగ్గా పడకగదిలోకే వస్తుంది, మధ్యాహ్నం మాత్రం ఆ గోడౌన్ బుద్ధిగా మూసుకుని ఉంటుంది. అందుకే పనిరోజు పొద్దున ఒకసారి, రాత్రి పొద్దుపోయాక ఇంకోసారి వెళ్లమంటాను.

ఫోన్లో చప్పుడు కొలిచే డెసిబెల్ యాప్ పెట్టుకుంటే స్థూలంగా అంచనా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా కోసం ఇచ్చిన సిఫార్సుల్లో రోడ్డు చప్పుడు సగటు 53 డెసిబెల్స్ లోపు, రాత్రి 45 లోపు ఉండాలంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది, కాబట్టి 55కీ 65కీ తేడా చిన్నది కాదు. ఒకే భవనంలో రోడ్డు వైపు ఫ్లాటుకీ వెనక ఫ్లాటుకీ కూడా ఈ తేడా ఉండొచ్చు.

వరద సంగతి చూడాలంటే గోడల అడుగున చూడండి. కొత్తగా వేసిన రంగు మోకాలి ఎత్తు వరకే ఉందా, కరెంటు మీటర్లు మామూలు కన్నా పైకి బిగించారా, కింద షాపు గుమ్మానికి అడ్డంగా చిన్న గట్టు కట్టారా? షాపువాళ్లని అడిగితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు. చప్పుడుకి చాలామంది సర్దుకుపోతారు, నీళ్లతో మాత్రం బేరం పెట్టుకోకండి, అద్దె సగమైనా సరే.

అపోహ: మెట్రో వస్తోంది, ఇప్పుడే దిగిపోవాలి.

రైలు రాకముందే ధర వచ్చేస్తుంది. లైను ప్రకటించగానే అమ్మేవాడు దాన్ని రేటులో కలిపేస్తాడు, అంటే లేని రైలుకి మీరు ఇవాళే టికెట్ కొంటున్నారు. లండన్‌లో ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం 2018 డిసెంబరులో మొదలవ్వాలి, మొదలైంది 2022 మేలో. బెర్లిన్‌లో కొత్త విమానాశ్రయం 2012లో తెరవాల్సింది 2020లో తెరిచారు, పాత టేగెల్ విమానాశ్రయం దారిలో ఉన్నవాళ్లు అన్నేళ్లూ నెత్తిమీద విమానాల మోత భరించారు. ఇవాళ ఉన్నదాన్ని చూసి తీసుకోండి, రేపటిది వస్తే కొసరు.

ఎదుగుతున్న ఏరియా అనే మాటా ఇలాంటిదే. కూలిజనం ఉండే వీధుల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడాన్ని లండన్‌లో రూత్ గ్లాస్ అనే సమాజశాస్త్రవేత్త 1964లోనే గమనించి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది. కొనేవాళ్లకి అది లాభం, అద్దెకుండేవాళ్లకి మాత్రం వీధి బాగుపడిన కొద్దీ రెన్యువల్ దగ్గర టెన్షన్. కాబట్టి అద్దెకు వెళ్తుంటే ఎదుగుతున్నదాని కన్నా ఎప్పుడూ ఒకేలా ఉండే బోరు ఏరియా మేలు, లేదంటే అద్దె ఏటా ఎంత పెరుగుతుందో అగ్రిమెంటులో రాయించుకోండి.

చిన్నవి రెండు. వెబ్‌సైట్లలో కనిపించే సగటు అద్దె ఓనర్లు అడుగుతున్నది, జనం కడుతున్నది కాదు. పైగా ఎక్కువ చెప్పిన ఇళ్లే ఎక్కువ రోజులు లిస్టులో ఉండిపోతాయి, సరసమైనవి పొద్దున పెడితే సాయంత్రానికి పోతాయి. రెండోది మా గురించే. ఏజెంట్ మీ మనిషే అనుకోవద్దు, కమిషన్ ఎవరు ఇస్తున్నారో ముందు అడగండి. మంచి ఏజెంట్ అయితే ఈ మూడు ప్రశ్నలకి తడుముకోకుండా చెప్తాడు: ఇల్లు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది, ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు, పక్క వీధి కన్నా ఇక్కడ అద్దె ఎందుకు తక్కువ. మూడోదానికి "అదృష్టం సార్" అని నవ్వితే, కింద షాపతన్ని అడిగి తెలుసుకునేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.