సౌరపవనంలో కలవని హీలియం

సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి ఎడతెగక వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహం, సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీస్తూ ఉంటుంది. కానీ భూమి దగ్గరికి వచ్చేసరికి అది ఎంత పలచబడుతుందంటే, మామూలు రోజుల్లో ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లు ఉంటే ఎక్కువ. మనం పీల్చే గాలిలో అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటూ శక్తిని పంచుకుంటాయి. ఇక్కడ ఆ పంపకం దాదాపు లేదు. ఏ అయానుకు (విద్యుదావేశమున్న పరమాణువుకు) దక్కిన శక్తి దానిదే. అందుకే ఉష్ణోగ్రతను బట్టి ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా పోయే అయాన్లు కొన్ని ఎప్పుడూ కనిపిస్తాయి.

వాటిలో కొన్ని సూర్యుడివే కావు. నక్షత్రాల మధ్య నుంచి హీలియం పరమాణువులు సౌరకుటుంబంలోకి సెకనుకు 25 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తాయి. విద్యుదావేశం లేదు కనుక అయస్కాంత క్షేత్రం వాటిని ఆపలేదు. సూర్యుడి దగ్గర అతినీలలోహిత కిరణం ఒక ఎలక్ట్రానును ఊడగొట్టగానే కథ మారుతుంది. సౌరపవనం మోసుకొస్తున్న అయస్కాంత క్షేత్రం ఆ అయానును పట్టి గిరగిరా తిప్పుతూ లాక్కుపోతుంది. దొర్లే బండి చక్రాన్ని చూడండి: నేలను తాకిన చోట అంచు ఆ క్షణం కదలదు, పైఅంచు మాత్రం బండికి రెట్టింపు వేగంతో పోతుంది. హీలియం అయాను గమనమూ అంతే. దాని వేగం సున్నా నుంచి సెకనుకు 800 కిలోమీటర్ల దాకా ఊగుతుంది. వేగం రెండింతలు, బరువు నాలుగింతలు కాబట్టి, ఆ ఊపు శిఖరాన దాని శక్తి సౌరపవన ప్రోటానుకు 16 రెట్లు.

ఆంప్టే ఉపగ్రహ పరికరాలు వీటిని పట్టుకున్నట్టు 1985లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. గుర్తుపట్టడం తేలికే: సూర్యుడి నుంచి వచ్చే హీలియం సాధారణంగా రెండు ఎలక్ట్రాన్లూ పోగొట్టుకుని ఉంటుంది, ఈ బయటిది ఒక్కటే.

ఆఘాత తరంగం, అంటే ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించి చిక్కబడే హద్దు (షాక్ వేవ్), ఎదురైతే ఇవే ముందు లాభపడతాయి. నెమ్మది అయాన్లు దాటి వెళ్లిపోతాయి. వేగం ఉన్నవి తరంగానికి అటూ ఇటూ దూకుతూ దాటిన ప్రతిసారీ శక్తి కూడగట్టుకుంటాయి. 2007లో వాయేజర్ 2 వ్యోమనౌక సౌరపవనం నెమ్మదించే సరిహద్దు ఆఘాతాన్ని దాటినప్పుడు అక్కడి ప్రోటాన్లు అనుకున్నంతగా వేడెక్కలేదు. శక్తిలో పెద్ద వాటా ఇలాంటి బయటి అయాన్లకే పోయిందన్నది శాస్త్రవేత్తల లెక్క.

ఆఘాతాలేవీ లేని ప్రశాంత సమయంలోనూ ఈ వేగవంతమైన అయాన్లు ఉండటమే చిక్కు. సౌరపవనంలోని అల్లకల్లోలపు సంకోచ వ్యాకోచాలే వాటిని తోస్తున్నాయని ఒక వాదం, పాత ఆఘాతాల మిగులు అని మరొకటి. రెండూ కొంత కొంత నిజమేమో అని నాకనిపిస్తుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో స్టెప్స్ అనే పరికరం ఉన్నది ఇలాంటి అయాన్లను కొలవడానికే. దాని ఆరు సెన్సర్లు వేర్వేరు దిక్కులకు చూస్తాయి. అయాన్లు ఒకవైపు నుంచే వస్తున్నాయో, అన్ని వైపుల నుంచో తెలిస్తే వాటిని తోసిందేమిటో వెతకడం సులువవుతుంది.