డాష్‌బోర్డు విప్పడానికి మూడు రోజులు ఎందుకు పట్టిందంటే

బైరాగిపట్టెడ,
తిరుపతి.

పెద్దపాపా, చిన్నోడా,

తాత ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. అవ్వకి మోకాళ్ళ నొప్పి, నా మీద కోపం, రెండూ మామూలే. కోపానికి కారణం కింద వస్తుంది.

మొన్న ఫోన్‌లో చిన్నోడు నవ్వినాడు గదా, "కారు డాష్‌బోర్డు మీది ఒక ప్లాస్టిక్ మూత ఊడదీసేదానికి మూడు రోజులా తాతా?" అని. ఫోన్‌లో చెప్తే సగం మీ చెవికెక్కదు, సగం నేనే మర్చిపోతా. అందుకే కాగితం మీద రాస్తాండా. ఇద్దరూ కలిసి చదవండి. అర్థం కాని చోట మీ నాయన్ని అడగద్దండి, వాడు పదేళ్ళప్పుడే షెడ్డు నుంచి పారిపోయినాడు.

కారు చిత్తూరు డాక్టరుగారిది. పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. రెండే సీట్లు, నెత్తిన గుడ్డ టాపు, కూర్చుంటే రోడ్డు మీద చాప పరుచుకొని కూర్చున్నట్టే ఉంటుంది. ఇంగ్లండులో 1962లో మొదలుపెట్టి 1980 దాకా మూడు లక్షలకు పైగా చేసినారు. రెండో ప్రపంచయుద్ధంలో ఎగిరిన విమానం పేరే దీనికీ పెట్టినారు. డాక్టరుగారు దాన్ని షెడ్డు ముందర నిలిపినప్పుడు పక్క షెడ్ల వాళ్ళంతా వచ్చి దూరంగా నిలబడినారు. నేను జంకలేదు. ఎందుకంటే దాని అక్క నాకు తెలుసు. ట్రయంఫ్ హెరాల్డ్ అని ఇంకో కారుండేది, దాని చాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, కురచ చేసి ఈ స్పిట్‌ఫైర్‌ని కట్టినారు. రెండింటికీ రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. ఆ హెరాల్డే 1961 నుంచి మన పక్కన మద్రాసులో 'స్టాండర్డ్ హెరాల్డ్' పేరుతో తయారయ్యేది. నేను పని నేర్చుకొనే రోజుల్లో ఇక్కడి డాక్టర్లకీ ప్లీడర్లకీ అవి ఉండేవి. బానెట్టు మడ్‌గార్డులతో సహా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేస్తుంది. ఈ కారుకీ అంతే. అది తెరవగానే పాత చుట్టం ఇంటికి పోయినట్టయింది నాకు.

డాక్టరుగారు వచ్చింది డాష్‌బోర్డు కోసం కాదు. "ఘాట్ రోడ్డెక్కితే వేడి ముల్లు చివరికి పోతాంది మేస్త్రీ, బండి కాలిపోతాదేమో" అని వచ్చినాడు. అంతకు ముందే ఎక్కడో రేడియేటర్ కడిగించినాడు, థర్మోస్టాట్ మార్పించినాడు, డబ్బులు పోయినాయి, ముల్లు మాత్రం దిగలేదు. నేను ఇంజను ముట్టుకోలేదు. తాళం తిప్పి గేజీల ముందు, అంటే ఆ ముళ్ళుండే డయళ్ళ ముందు, కూర్చున్నా. బండి కదలకుండానే, అయిదారు నిమిషాలకే వేడి ముల్లు పైకి పోయింది. దాని పక్కన పెట్రోలు ముల్లు కూడా 'ఫుల్' దాటి నిలబడింది.

"ట్యాంకు నిండా ఉందా సార్?" అన్నా.

"ఎక్కడిది, ముప్పాతిక ఉంటే ఎక్కువ" అన్నాడు.

ఒక ముల్లు అబద్ధం చెప్తే ఆ ముల్లుదే తప్పు కావచ్చు. రెండు ముళ్ళూ ఒకే తీరుగా, ఒకే పక్కకి అబద్ధం చెప్తే, రెండిటికీ అన్నం పెట్టే చెయ్యి ఒకటుంటాది చూడండి, దాన్ని అనుమానించాలి. ఆ చేతిని వోల్టేజ్ స్టెబిలైజర్ అంటారు. అగ్గిపెట్టె కన్నా చిన్న రేకు డబ్బీ, గేజీల వెనక దాక్కొని ఉంటుంది. బ్యాటరీ కరెంటు నిలకడగా ఉండదు. బండి ఆగినప్పుడు 12 వోల్టులు, పరుగెత్తేటప్పుడు 14 దాకా పోతుంది. అట్లాంటి కరెంటు నేరుగా ఇస్తే ముళ్ళు ఊగులాడతాయి. అందుకని ఆ డబ్బీ సగటున 10 వోల్టులే ఇస్తుంది.

ఎట్లా ఇస్తుందో వింటే మీకు నవ్వొస్తాది. అందులో చిప్పు లేదు, ఏమీ లేదు. రెండు రకాల లోహాలు అతికించిన ఒక సన్న రేకు, దానికి చుట్టిన వేడి తీగె, అంతే. తీగె కాగితే రేకు వంగుతుంది, ఎందుకంటే రెండు లోహాలూ ఒకే కొలతలో సాగవు. వంగితే కరెంటు తెగుతుంది. తెగితే చల్లారుతుంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. ఇట్లా కొట్టుకుంటానే ఉంటుంది. మన ఇస్త్రీపెట్టె 'టిక్' అంటాది చూడండి, అది కూడా ఇదే. ఆ తెగడం, అతుక్కోవడం ముల్లులో కనబడదు, ఎందుకంటే గేజీలో ఉండేది కూడా అట్లాంటి రేకే, నిదానంగా కదిలే రకం. ఆ డబ్బీకి ఎర్తు, అంటే కారు ఇనుప బాడీతో ఉండే కలయిక, తెగిపోయిందనుకోండి, తీగె కాగదు, రేకు వంగదు, కరెంటు తెగకుండా మొత్తం పోతుంది. అప్పుడు రెండు ముళ్ళూ ఉండాల్సిన దానికన్నా పైకెక్కి కూర్చుంటాయి. డాక్టరుగారి ఇంజనుకు జ్వరం లేదు, థర్మామీటరుకే జబ్బు. ఆ మాట అంటే ఆయన చాలాసేపు నవ్వినాడు.

ఆ డబ్బీ ఒక్కటే అయితే అడుగు నుంచి చెయ్యి పెట్టి చూడొచ్చు. కానీ డాష్‌బోర్డు పైభాగం ఎండిన చెరువు మాదిరి పగిలిపోయుంది. ఎట్లాగూ విప్పాలి గదా అని రెండు పనులూ కలిపినా.

ఇక్కడ ఒక మాట. డాష్‌బోర్డు అనే పేరు కారుతో పుట్టలేదు. గుర్రబ్బండికి ముందుపక్క, తోలేవాడి కాళ్ళ ముందర, నిలువుగా ఒక పలక ఉండేది. గుర్రం డెక్కలు ఎగజిమ్మే బురద మీద పడకుండా ఆ అడ్డం. గుర్రం పోయింది, బురద పోయింది, పలక పేరు మిగిలింది. దాని మీద మెత్తలు రావడం తర్వాతి మాట. గుద్దుకున్నప్పుడు తల పోయి ఇనుము మీద పడుతుందని, అమెరికావాళ్ళు 1968 జనవరి నుంచి కార్ల లోపలి భాగాలకు కూడా భద్రత నియమాలు పెట్టినారు. అక్కడ అమ్ముకోవాలంటే ఇంగ్లండువాళ్ళు కూడా వినాల్సిందే గదా.

ఆ మెత్త మీద తోలు మాదిరి కనిపించేది తోలు కాదు, మనం రెక్సిన్ అంటామే, ఆ జాతి. కింద స్పాంజి. అసలు ఆ ప్లాస్టిక్ పుట్టుకతో గట్టిది, మెత్తబడేదానికి అందులో ఒక నూనె లాంటిది కలుపుతారు. ఎండకు అద్దం కింద కాగి కాగి ఆ నూనె ఆవిరై పోతుంది. కొత్త కార్లో అద్దానికి లోపల జిడ్డు పొర పడుతుంది చూడండి, అందులో కొంత అదే. నూనె పోయిన కొద్దీ పైతోలు కుంచించుకుపోతుంది, కింది స్పాంజి పొడి అవుతుంది, ఒకరోజు పటుక్కున పగుల్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు పెద్దలు. రోలు పగలడం నేనింకా చూడలేదు, డాష్‌బోర్డులు మాత్రం చాలా చూసినా.

ఇంక పని. మొదటి రోజు నేను విప్పింది చాలా తక్కువ, చూసిందే ఎక్కువ. ముందు బ్యాటరీ. కరకంబాడిలో తయారైందే వేసుకున్నాడు డాక్టరుగారు, మన ఊరి బ్యాటరీ ఇంగ్లండు కార్లో చూస్తే సంతోషమేసింది. అందులో బాడీకి కలిపిన తీగె ముందు విప్పాలి. రెండోది ముందు విప్పితే పానా జారి బాడీకి తగిలిందంటే నిప్పులు లేస్తాయి, నా ఎడమ చేతి మచ్చ అట్లా వచ్చిందే. తర్వాత పెద్దపాప నేర్పించినట్టే సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసినా. అయినా ఫోటోని నేను పూర్తిగా నమ్మను. ప్రతి వైరుకీ ప్లాస్టరు ముక్క చుట్టి బాల్ పెన్నుతో పేరు రాసినా. ఇంగ్లండు కార్ల వైర్లకు రంగుల భాష ఒకటుంది, అది నేర్చుకుంటే చాలా కార్లు చదవొచ్చు: గోధుమరంగు అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్తు.

పానాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గర పనికి వచ్చే పిల్లోడు అక్కడే తప్పు చేయబోయినాడు. ఈ కారు నట్లు అంగుళాల కొలత. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. "13 సరిపోతాంది అన్నా" అన్నాడు వాడు. సరిపోతాది, తిరుగుతాది కూడా, నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయినాక మాత్రం నీ పానా గాలికి తిరుగుతాది. నా పాత పెట్టెలో అంగుళాల పానాలు ఉండబట్టి సరిపోయింది.

అవ్వ కోపం ఇక్కడ మొదలైంది. విప్పిన నట్లు, స్క్రూలు ఒక డబ్బాలో కలిపి వేస్తే బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తెలీదు. అందుకని ఇడ్లీ రేకులు తెచ్చుకున్నా. నాలుగు రేకులు, పదహారు గుంటలు. విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వేసుకుంటూ పోతే, బిగించేటప్పుడు వెనక నుంచి రావడమే. అంతకన్నా మంచి సామాను ఏ కొట్లోనూ దొరకదు. అవ్వకి చెప్పి తేలేదు, అది నా తప్పే.

కార్లో కూర్చొని ఆ పని కాదు. కాళ్ళు సీటు వీపు మీద, తల పెడళ్ళ మధ్య, టార్చి నోట్లో. ఈ వయసులో శీర్షాసనం. ముందు గేజీలున్న చెక్కపలక స్క్రూలు విప్పి దాన్ని అరచెయ్యంత ముందుకు లాగాల. ఎక్కువ లాగకూడదు, వెనక స్పీడోమీటర్ కేబుల్ ఉంటుంది. దాని నట్టు చేత్తోనే విప్పాల. బల్బుల హోల్డర్లు లాగితే వచ్చేస్తాయి. స్టెబిలైజర్ డబ్బీ అక్కడే దొరికింది, దాని ఎర్తు దగ్గర తుప్పు పచ్చగా పూసి ఉంది. సగం యుద్ధం అయిపోయిందని అక్కడే కాఫీ తెప్పించినా.

రెండో రోజు పైమెత్త. దాన్ని కింద నుంచి నట్లు పట్టుకొని ఉంటాయి. మెత్తలోనే పొదిగిన స్టడ్డులు, అంటే తల లేని బోల్టులు, వాటికి ఇవతల నట్లు. అద్దం మీదికి గాలి ఊదే గొట్టాలు వాటికి అడ్డం, అవి అట్టలాంటివి, ముట్టుకుంటే చిరుగుతాయి. గొట్టాలు తప్పించి ఒక్కోటి విప్పినా. ఆరు వచ్చినాయి. ఆరు గుంటలు నిండినాయి. మెత్త ఎడమపక్క కదిలింది, మధ్య కదిలింది, కుడిపక్క కొంచెం బిగువుగా ఉంది. యాభై ఏళ్ళ జిగురు గదా, అతుక్కొని ఉంటాదిలే అనుకున్నా. పిల్లోడు "అన్నా, ఇంకోటి ఉండాదేమో" అన్నాడు. నాకు ఆకలేస్తా ఉండింది. రెండు చేతులతో పట్టుకొని లాగినా.

'టప్' మనింది.

ఏడో నట్టు. గేజీల పైన, కంటికి కనబడని చోట, వేలి కొసకి మాత్రమే తగిలే చోట ఉండింది. నట్టు దాని చోటే ఉంది, స్టడ్డు మాత్రం మెత్తలో నుంచి స్పాంజిని పెకలించుకొని వచ్చేసింది. పిల్లోడు నా మొహం చూడలేదు. వాడు మంచోడు. ఆ రోజు ఇంక పని చెయ్యలేదు నేను, ఇంటికొచ్చి చెనక్కాయలు ఒలుచుకుంటా కూర్చున్నా. మూడు రోజుల్లో ఒక పూట అట్లా పోయింది, అది కూడా లెక్కలో వేసుకో చిన్నోడా.

మూడో రోజు పొద్దున్నే ఆ స్టడ్డుకి కింద వెడల్పాటి రేకు బిళ్ళ పెట్టి, ఎంసీల్ కలిపి, చుట్టూ గుడ్డ నవారు చుట్టి ఆరబెట్టినా. పుత్తూరు కట్టు మాదిరి. డాక్టరుగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పినా. "మేస్త్రీ, నేను ఎముకల డాక్టర్ని, పుత్తూరు కట్టు పేరు నాకాడ చెప్పద్దు" అన్నాడు. స్టెబిలైజర్ ఎర్తు దగ్గర ఎమరీ కాగితంతో రుద్ది తెల్లటి లోహం కనబడేదాకా శుభ్రం చేసి బిగించినా. బ్యాటరీ కలిపి తాళం తిప్పితే పెట్రోలు ముల్లు మెల్లిగా లేచి, పాపం, ఉన్న ముప్పాతిక దగ్గరే ఆగింది.

మెత్త వెనక ఏం దొరికినాయో పెద్దపాప అడిగింది గదా. ఎండిన వేపాకు, ఒక తల పిన్ను, చుట్టూ వంపులున్న అల్యూమినియం పది పైసల బిళ్ళ ఒకటి. అద్దం అంచు సందులో నుంచి జారి ఎప్పుడో పడుంటాది. బిళ్ళ మీ కోసం దాచినా. డాక్టరుగారు తీసుకోమన్నాడు.

రెక్సిన్ తొడిగే పని ఇంకా కాలేదు. సీటు కవర్లు కుట్టే అబ్బాయి కొలతలకి రమ్మంటే గంగజాతర వారం. ఒళ్ళంతా బొగ్గు పూసుకొని, వేపాకు కట్టుకొని తోటి వేషంలోనే వచ్చినాడు షెడ్డుకి. జాతరలో వేషం కట్టినోడు ఎవర్నైనా తిట్టొచ్చు గదా, పోయిన సంవత్సరం నేను బాకీ పెట్టిన దానికి కలిపి నాలుగు తిట్టినాడు. నేను చేతులు కట్టుకొని విన్నా. "ఆ చేతుల్తో మెత్తని ముట్టుకోవద్దు నాయనా" అని మాత్రం అన్నా. జాతర అయినాక స్నానం చేసి వచ్చి తీసుకుపోయినాడు. పాత స్పాంజి గీకి, పగుళ్ళు నింపి, జిగురు రెండు పక్కలా పూసి, చేతికి అంటనంత ఆరినాక రెక్సిన్ పరుస్తాడు. పచ్చిగా ఉన్నప్పుడు అతికిస్తే ఎండకు బుడగలొస్తాయి. వంపుల దగ్గర వేడి గాలి కొట్టి సాగదీయాల. మీ అమ్మ జుట్టు ఆరబెట్టుకొనే మిషను వచ్చేటప్పుడు తెండి, చిన్న వంపులకి అది చాలు. అమ్మకి చెప్పి తెండి. నా మాదిరి చెయ్యొద్దండి.

మీరు సెలవులకి వచ్చేసరికి బిగింపు మిగిలి ఉంటుంది, అది మీ చేతుల్తోనే. చిన్నోడి వేళ్ళు సన్నం, ఆ ఏడో నట్టు వాడికే. అది ఇప్పుడు నాలుగో రేకులో చివరి గుంటలో ఉంది. అవ్వ మిగిలిన మూడు రేకులు లాక్కొని పోయి కడిగేసింది. ఆదివారం ఇడ్లీలు పన్నెండే అయినాయి.

మీ తాత