బోటు ఇంజిన్ టైమింగ్: అడ్వాన్స్ పెంచితే స్పీడు రాదు, పిస్టన్ పోతుంది

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్లు డీజిల్‌వి, వాటికి స్పార్క్ గొడవ లేదు. ఇది పెట్రోల్ స్పీడ్ బోట్ల వాళ్ల కోసం. టైమింగ్ అంటే పిస్టన్ పైకి వచ్చే వేళకి స్పార్క్ ఎప్పుడు పడాలన్న లెక్క, దాన్ని ముందుకి జరపడమే అడ్వాన్స్. ఎండలు ముదిరాయంటే రుషికొండ వైపు నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, టైమింగ్ ఇంకో రెండు డిగ్రీలు ముందుకి తిప్పితే బోటు బాగా లాగుద్ది కదా?"

అపోహ: అడ్వాన్స్ పెంచేకొద్దీ బోటు పరిగెడుతుంది.

వాస్తవం: పరిగెట్టదు. సిలిండర్‌లో ప్రెజర్ పిస్టన్ టీడీసీ (అది ఎక్కే అన్నిటికన్నా పై చోటు) దాటాక, సుమారు 15 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరాలి. స్పార్క్ మరీ ముందొస్తే పిస్టన్ పైకి వస్తుండగానే ఆ ప్రెజర్ దాని నెత్తిన పడుతుంది, కాలకుండా మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. కారులో అది వినిపిస్తుంది, కాలు తీసేస్తాం. బోటు ఇంజిన్ మాత్రం ఎప్పుడూ సింహాచలం ఘాట్ ఎక్కుతున్న బస్సే, లోడు దిగదు. 4000 ఆర్పీఎం దగ్గర ఎగ్జాస్ట్ హోరులో నాకింగ్ చెవికి చేరదు. మీకు తెలిసేసరికి రింగ్ ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు) విరిగుంటుంది, లేదా పిస్టన్‌కి కన్నం. పైగా మే నెలలో ఇంజిన్ పీల్చే గాలే వేడి. జనవరి పొద్దున తట్టుకున్న అడ్వాన్స్‌ని అప్పుడు తట్టుకోదు.

ఆమధ్య ఒక వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) బోటు వచ్చింది. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం అందట్లేదని ఎవరి మాటో విని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది, తిప్పితే టైమింగ్ మారుతుంది) తిప్పించారు. ప్లగ్గులు తీస్తే పింగాణీ మీద సన్నటి మెరిసే చుక్కలు. అది పిస్టన్ అల్యూమినియం. అసలు జబ్బు ప్రొపెల్లర్‌ది, పిచ్ (ఒక చుట్టుకి ముందుకి తోసే దూరం) ఎక్కువైంది. ఆ బోటు మీదే ఇల్లు గడుస్తోంది, అదీ సీజన్ మధ్యలో. ఆయన్ని ఏమనగలను? అనాల్సింది ఆ సలహా ఇచ్చినవాణ్ణి. ఫుల్ థ్రాటిల్‌లో మాన్యువల్ చెప్పిన ఆర్పీఎం రాకపోతే ముందు ప్రొపెల్లర్ చూడండి. టైమింగ్ జోలికి తర్వాత వెళ్దురుగాని.

అపోహ: ఐడిల్‌లో టైమింగ్ మార్క్ కలిస్తే చాలు.

ఇంజిన్ ప్రాణం తీసేది టోటల్ అడ్వాన్స్, అంటే ఆర్పీఎం పెరిగేకొద్దీ కలిసే అడ్వాన్స్ అంతా కలిపి. 3000 ఆర్పీఎం దాటించి టైమింగ్ లైట్ వేసి చూడాలి. చాలా వీ8లకి అది 30 పైచిలుకు డిగ్రీలు, మీ ఇంజిన్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అయితే బేస్ టైమింగ్ (అదనపు అడ్వాన్స్ కలవకముందు టైమింగ్) చూసేముందు మాడ్యూల్‌ని బేస్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే కనిపించేది తప్పు రీడింగే. పాత ఇంజిన్‌లో బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు, మార్క్ ఉండే చక్రం) రబ్బరు జారి మార్క్ పక్కకి పోతుంది. పిస్టన్ స్టాప్‌తో (ప్లగ్ రంధ్రంలో పెట్టి పిస్టన్‌ని ఆపే పనిముట్టు) టీడీసీ సరిచూసుకోండి.

మరీ వెనక్కి లాగడమూ క్షేమం కాదు, ఎగ్జాస్ట్ వేడెక్కి వాల్వులు మాడతాయి. 100 ఆక్టేన్ పెట్రోల్ నాకింగ్‌ని ఆపుతుంది, దానంతటది పవర్ ఇవ్వదు.

కారు డిస్ట్రిబ్యూటర్ చవకని బోటుకి బిగించకండి, దయచేసి. మెరైన్‌ది లోపలి స్పార్క్ బయటి పెట్రోల్ ఆవిరిని అంటించకుండా తయారుచేసింది, కారుది కాదు. ఏది బిగించినా స్టార్ట్ చేసేముందు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) 4 నిమిషాలు తిరగాల్సిందే.

ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజిన్) వాళ్లకి తిప్పడానికి డిస్ట్రిబ్యూటరే ఉండదు. ప్రొపెల్లర్ దేనికైనా గట్టిగా తగిలాక ఇంజిన్ బ్యాక్‌ఫైర్ ఇస్తుంటే, కాయిల్ కొనేముందు ఫ్లైవీల్ తీసి, దాన్ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న కీ తెగిందేమో చూడండి.