గెనోన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ చిక్కు వెనక కథ

ఫ్రెంచిలో రాసిన తాత్విక రచయిత రెనే గెనోన్ పుస్తకాలు చదవాలనుకునేవాళ్లు ముందు అడిగేది, ఏది మొదట చదవాలి అని. ఎక్కువమంది చెప్పే పేరు ‘ది క్రైసిస్ ఆఫ్ ది మోడర్న్ వరల్డ్’. చిన్న పుస్తకం, సూటిగా ఉంటుంది, ఆధునికత మీద విసురు కూడా బాగా ఉంటుంది. నన్నడిగితే మాత్రం మొదట చదవకూడనిది అదే. ఎందుకో తెలియాలంటే ఆయన పుస్తకాలు ఏ వరసలో వచ్చాయో, పాఠకుల చేతికి ఏ వరసలో అందాయో చూడాలి.

గెనోన్ 1886లో ఫ్రాన్స్‌లోని బ్లువాలో పుట్టాడు. గణితం చదవడానికి 1904లో పారిస్ వచ్చాడు గానీ ఆ చదువు సాగలేదు. అప్పటి పారిస్‌లో రహస్య విద్యల సంఘాలకు కొదవ లేదు. పాపుస్ అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన వైద్యుడు నడిపిన మార్టినిస్టు సంఘం, ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం వాళ్ల లాడ్జీలు, రహస్య జ్ఞానంతోనే ముక్తి అనే నాస్టిక్ (గ్నోస్టిక్) చర్చి, అన్నిటి గడపా తొక్కాడు. బయటపడ్డాక ఆ వాతావరణాన్నే దుమ్మెత్తిపోశాడు. 1921లో థియోసఫీ మీద, 1923లో చనిపోయినవాళ్లతో మాట్లాడతామనే స్పిరిటిజం మీద రాసిన లావుపాటి పుస్తకాలు ఆ కోవలోవే. అంతకుముందే స్వీడన్ చిత్రకారుడు ఇవాన్ అగ్వేలీ ద్వారా షాధిలీ సూఫీ శాఖలో దీక్ష పుచ్చుకున్నాడు. అంటే హిందూ సిద్ధాంతాల మీద తొలి పుస్తకం అచ్చయ్యేనాటికే ఆయన సూఫీ. ఆయన రాతల్లో ఉపనిషత్తుల పక్కనే సూఫీ తాత్వికుడు ఇబ్న్ అరబీ కనిపించి కొత్త పాఠకుడు తికమకపడేది ఇందుకే.

ఆ తొలి పుస్తకం ‘ఇంట్రొడక్షన్ టు ది స్టడీ ఆఫ్ ది హిందూ డాక్ట్రిన్స్’. 1921లో అచ్చయింది. ముందు పారిస్ విశ్వవిద్యాలయమైన సోర్బాన్‌లో పరిశోధన గ్రంథంగా ఇచ్చాడు. పరిశీలించిన సంస్కృత పండితుడు సిల్వాఁ లెవీ ఒప్పుకోలేదు. చరిత్రనూ భాషాశాస్త్రాన్నీ పక్కన పెట్టి, ఆదిమ సత్యమొకటి పరంపరగా దిగివచ్చిందని చెప్పడం ఆయనకు మింగుడుపడలేదు. విశ్వవిద్యాలయం కొలతల్లో లెవీ అభ్యంతరం న్యాయమైనదే. గెనోన్ మాత్రం ఆ కొలతలే తనకు పట్టవనేవాడు. తిరస్కరించినవాళ్లను కొత్త పాఠకుడు మూర్ఖులుగా చూడనక్కర్లేదు, ఆయన్ను మోసగాడిగానూ చూడనక్కర్లేదు.

తర్వాత ‘ఈస్ట్ అండ్ వెస్ట్’ 1924లో వచ్చింది. శంకరుల అద్వైతాన్ని ఆధారం చేసుకున్న ‘మ్యాన్ అండ్ హిజ్ బికమింగ్ అకార్డింగ్ టు ది వేదాంత’ 1925లో, ‘క్రైసిస్’ 1927లో. 1928లో భార్య పోయింది. 1930లో కైరో వెళ్లి, అబ్దుల్ వాహిద్ యహ్యా అనే ముస్లిం పేరుతో అక్కడే స్థిరపడి, 1951లో కన్నుమూశాడు. ‘సింబాలిజం ఆఫ్ ది క్రాస్’, ‘మల్టిపుల్ స్టేట్స్ ఆఫ్ ది బీయింగ్’, 1945 నాటి ‘రెయిన్ ఆఫ్ క్వాంటిటీ’ వంటి బరువైనవి ఈ కైరో కాలంలో వెలువడ్డాయి.

ఈ వరసలో సిద్ధాంతం ముందుంది, ఆధునికత మీద విమర్శ దాని మీద నిలబడింది. మూల సిద్ధాంతాలు ముందు పుస్తకాల్లోనే వివరించాననే ధీమాతో ‘క్రైసిస్’ రాశాడు. ఇంగ్లీషులో ఇది తలకిందులైంది. లండన్‌లోని లూజాక్ సంస్థ 1941లో ‘ఈస్ట్ అండ్ వెస్ట్’, 1942లో ‘క్రైసిస్’ వేసింది. ‘ఇంట్రొడక్షన్’ను 1945లో గానీ వేయలేదు. ‘క్రైసిస్’ను అనువదించిన ఆర్థర్ ఆస్బోర్న్, తర్వాత తిరువణ్ణామలైలో రమణాశ్రమం నుంచి ‘ది మౌంటెన్ పాత్’ పత్రిక మొదలుపెట్టినాయనే.

విమర్శను సిద్ధాంతం నుంచి విడదీస్తే ఏమవుతుందో ఇటలీలో కనిపించింది. అక్కడ ‘క్రైసిస్’ను 1937లో అనువదించినవాడు తీవ్ర మితవాద ఆలోచనాపరుడు జూలియస్ ఎవోలా. ఆధ్యాత్మిక అధికారం రాజ్యాధికారం కంటే పైదని గెనోన్ 1929లో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. ఎవోలాకు క్షాత్రమే ప్రధానం. అయినా ఇద్దరినీ ఒకే గాటన కట్టి, గెనోన్‌ను రాజకీయ నినాదాల కోసం చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు ఎక్కువగా ఎత్తిచూపేది ‘క్రైసిస్’నే.

అందుకే నా ఓటు ‘ఇంట్రొడక్షన్’కు. అందులోనూ ప్రాచ్య చింతన లక్షణాల మీది రెండో భాగం, హిందూ సిద్ధాంతాల మీది మూడో భాగం ముందు చదవాలి. పాశ్చాత్య పండితులతో తగాదా పడే నాలుగో భాగం ఆగగలదు. బౌద్ధం మీద ఆయన మొదట్లో చాలా కటువుగా రాశాడు. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి, బౌద్ధం మీద రాసిన మార్కో పాలిస్ చెప్పాక ఆ అభిప్రాయం మార్చుకున్నాడు కాబట్టి తర్వాతి ముద్రణే తీసుకోవాలి. అంత పుస్తకం ఒక్కసారిగా పట్టలేమనుకుంటే ‘ఓరియెంటల్ మెటాఫిజిక్స్’ ఉంది. అది 1925 డిసెంబరులో సోర్బాన్‌లోనే ఇచ్చిన ఉపన్యాసం, కూర్చున్న చోటే అయిపోతుంది. గ్రంథాన్ని కాదన్న చోటే ఉపన్యాసానికి పిలవడం గమ్మత్తే. శంకర భాష్యాలతో పరిచయం ఉన్నవాళ్లు నేరుగా వేదాంతం పుస్తకానికి వెళ్లిపోవచ్చు. ‘క్రైసిస్’ ఆ తర్వాత చదివితే దాని కోపానికి అర్థం తెలుస్తుంది. క్షేత్రగణితం అక్షాలతో ఉనికి స్థాయిలను వివరించే ‘సింబాలిజం ఆఫ్ ది క్రాస్’కు మాత్రం తొందరపడొద్దు.

ఆయన పోయాక వ్యాసాలు పోగుచేసి వేసిన సంపుటాలు, ముఖ్యంగా 1962లో వచ్చిన ప్రతీకల సంపుటం, చివరికి ఉంచుకోవాలి. చాలా ఆకర్షణీయంగా ఉంటాయి గానీ, అవి పత్రికల కోసం విడివిడిగా రాసినవి. ఆ కూర్పు కూడా గెనోన్ చేసింది కాదు.