ట్రీట్‌మెంట్ అయిపోయింది, బరువు మాత్రం దిగట్లేదు: రొమ్ము క్యాన్సర్ తర్వాత అపోహలు - వాస్తవాలు

"నీళ్లు తాగినా ఒంటికి పడతంది మేడం. ఏం తినాలన్నా భయమేస్తంది."

ఆ మాట అంటూ ఆవిడ లంగా బొందు కొస పైకి తీసి చూపించింది. ఆపరేషన్‌కు ముందు ముడేశాక జానెడు మిగిలే బొందు. ఇప్పుడు ముడికి కూడా అందక, పాత చీర అంచు చించి ఒక ముక్క కలిపి కుట్టుకుంది. ఎనిమిది కీమోలు, ఆ తర్వాత కరెంటు పెట్టడం (రేడియేషన్), ఇప్పుడు రోజుకో మాత్ర. రెండేళ్లలో పదకొండు కేజీలు పెరిగింది.

నేను నెల్లూరులో డైటీషియన్‌ని. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి నుంచి, అటు కనిగిరి, పొదిలి నుంచి కూడా రొమ్ము క్యాన్సర్ వైద్యం ముగించుకున్న ఆడవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో చాలామంది తిండి గురించి అడగడానికి ముందే తమను తాము తిట్టుకుంటారు. "నోరు కట్టుకోలేకపోతున్నా" అంటారు. తీరా ఏం తింటున్నారో రాయించి చూస్తే, చాలాసార్లు అంత తిట్టుకోవాల్సిందేమీ కనపడదు. ఒంట్లో జరిగిన మార్పేమిటో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

అపోహ: క్యాన్సర్ వస్తే చిక్కిపోతారు. లావయ్యారంటే బాగా కోలుకున్నట్టే.

కడుపు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో మనిషి చిక్కిపోవడం నిజమే. రొమ్ము క్యాన్సర్ తీరు వేరు. ఇందులో వైద్యం జరుగుతున్నప్పుడూ, అయ్యాకా బరువు పెరగడమే ఎక్కువ.

దానికి కారణాలు ఒకటి కాదు. కీమోతో పాటు వాంతులు, అలర్జీ రాకుండా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది ఆకలిని రేపుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది, షుగర్ పెంచుతుంది. నీరసంతో నెలల తరబడి మంచం మీదే గడుస్తుంది. ముప్పై, నలభై ఏళ్లవాళ్లకైతే ఇంకో దెబ్బ. కీమో అండాశయాల మీద పనిచేసి నెలసరి ఆగిపోవచ్చు. మామూలుగా కొన్నేళ్లపాటు మెల్లగా జరగాల్సిన మార్పు కొన్ని నెలల్లోనే వచ్చి పడుతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి నిద్ర ఉండదు, కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది, కండ కరుగుతుంది.

వీటికి తోడు మన ఇళ్లలో చూపించే ప్రేమ. రక్తం పట్టాలని పాయా సూపు, బలానికి బాదం పాలు, ఖర్జూరాలు. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో మలై కాజా డబ్బా. కీమో రోజుల్లో నోరు చేదెక్కి రెండు ముద్దలు కూడా దిగనప్పుడు ఏది దిగితే అది పెట్టాల్సిందే, అందులో తప్పు లేదు. అయితే కీమో ఆగినా ఆ పోషణ మాత్రం ఆగదు. "ఇంత జబ్బు చేసి లేచింది, తిననీ" అంటారు. ఆ మాటలోని ప్రేమను నేను కాదనను. కానీ నడుం చుట్టూ చేరే కొవ్వు ఆవిడకు షుగర్, బీపీ తెస్తుంది, ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాపు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకు ఊతమిచ్చే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్, నెలసరి ఆగాక ఆ కొవ్వులోనే తయారవుతుంది కూడా.

అపోహ: ఈ లావంతా, క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ వేసుకునే టామాక్సిఫెన్ మాత్ర వల్లే. ఆపేస్తే తగ్గిపోతుంది.

ఈ రాతలో ఒక్కటే చదువుతామనుకునేవారు ఇది చదవండి.

ఒకావిడ ఏడు నెలలు మాత్ర వేసుకోలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. నెలనెలా కొడుకు ఒంగోలులో కొని పంపే స్ట్రిప్పులన్నీ బీరువాలో చీరల కింద అలాగే ఉన్నాయి. నాకు కూడా మూడోసారి వచ్చినప్పుడు, తలుపు దగ్గరికి వేశాక చెప్పింది. "తగ్గుతానేమోనని చూశా మేడం." తగ్గిందా అంటే, లేదు. ఒక్క కేజీ కూడా తగ్గలేదు.

తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు. టామాక్సిఫెన్ ఒక గుంపుకు, మందు లేని ఉత్తుత్తి మాత్ర మరో గుంపుకు ఇచ్చి చేసిన పెద్ద పరిశోధనల్లో, రెండు గుంపుల్లోనూ బరువు పెరగడం దాదాపు ఒకేలా కనిపించింది. మాత్ర మొదలయ్యేది సరిగ్గా కీమో ముగిసి నెలసరి ఆగిన రోజుల్లోనే. అందుకే నింద దాని మీద పడుతుంది. ఆ మాత్రకు ఇబ్బందులు లేవని నేను అనను. వేడి ఆవిర్లు వస్తాయి, కొందరికి కాలేయంలో కొవ్వు చేరుతుంది, అరుదుగా కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డ కడుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కానీ హార్మోన్ రకం, అంటే ఈస్ట్రోజెన్ ఊతంతో పెరిగే రొమ్ము క్యాన్సర్‌లో టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడినవారిలో, ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గింది. ఆ మేలు మాత్రలు ఆపాక కూడా పదేళ్ల వరకు కనిపించింది. బరువు కోసం వదులుకునేది కాదు అది. ఇదే పనికి ఇచ్చే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు వాడేవాళ్లకూ ఇదే మాట. కీళ్ల నొప్పులు భరించలేకపోతే డాక్టర్‌తో చెప్పండి. మందు మార్చే దారులున్నాయి. మీరు మాత్ర మానేసి చీరల కింద దాచిపెడితే మాత్రం, మీరు మందు వాడుతున్నారనుకునే డాక్టర్ మిగతా వైద్యమంతా నడుపుతారు.

అపోహ: అన్నం మానేస్తే చాలు, బరువు అదే దిగుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. పనిలో చేరిన కొత్తలో, కీమో ముగిసి ఏడాదైన ఒకావిడకు అందరికీ ఇచ్చే, రోజుకు పన్నెండు వందల కేలరీల డైట్ కాగితమే చేతికిచ్చి పంపాను. ఆవిడ మాట తప్పని మనిషి. రాత్రి అన్నం మానేసింది, గుడ్డు కొవ్వేమోనని అదీ మానేసింది, కార్తీక మాసంలో సోమవారాలు ఉపవాసం కూడా ఉంది. మూడు నెలల్లో ఆరు కేజీలు దిగింది. నేను సంతోషపడ్డాను. వెళ్లబోతూ ఆవిడ కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ నా బల్ల అంచు మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. మొదటిసారి లేవలేకపోయింది. రెండోసారి కూతురు చంక కింద చెయ్యి వేసి లేపింది. మూడు నెలల క్రితం ఆవిడ తనంతట తానే లేచి వెళ్లడం నాకు గుర్తే.

కరిగిన ఆరు కేజీల్లో కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. కీమో, స్టెరాయిడ్లు, నెలసరి ఆగడం కలిసి ఒంట్లో కండను అప్పటికే తరిగేసి ఉంటాయి. పైన కడుపు మాడిస్తే ఒళ్లు ఇంకా కండనే కరిగించుకుంటుంది. కండ తగ్గితే రోజూ ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. ఆ తర్వాత మామూలుగా రెండు ముద్దలు తిన్నా బరువు తిరిగొస్తుంది, ఈసారి మొత్తం కొవ్వుగా. ఆవిడకు అదే జరిగింది.

అప్పటినుంచి నేను ముందు తగ్గించమని చెప్పను, ముందు చేర్చమని చెబుతాను. చేర్చాల్సింది మాంసకృత్తులు. కిలో బరువుకు సుమారు ఒక గ్రాము, కండ బాగా తగ్గినవారికి ఇంకొంచెం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేప ముక్కలో పద్దెనిమిది నుంచి ఇరవై, గ్లాసు పాలలో ఆరేడు, గుప్పెడు శనగల్లో ఆరు. ఇదంతా మన ఊళ్లో దొరకనిది కాదు. చేపల పులుసు తింటే లావైపోతామని భయపడేవాళ్లున్నారు. పులుసు మీద తేలే నూనె తగ్గించి, ముక్కలు ఇంకొకటి ఎక్కువ వేసుకోండి. మాంసం తినని ఇళ్లలో గట్టి పప్పు, పెరుగు, ఉడికించిన అలసందలు, సోయా.

అన్నం మొత్తం మానక్కర్లేదు. కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి. పావు వంతు పప్పో, చేపో, గుడ్డో. మిగిలిన పావు వంతు అన్నం. మొదటి వారం కంచం బోసిగా అనిపిస్తుంది. అన్నానికి ముందే కూర సగం తినేయమని చెబుతాను, అప్పుడు మారు అన్నం అడగాలనిపించదు.

నూనె సంగతి చాలామంది మర్చిపోతారు. ఒక టేబుల్ స్పూను నూనెలో సుమారు నూట ఇరవై కేలరీలు. మనం గరిటెతో వంచుతాం, కారం దోశకు చుట్టూ పోస్తాం. ఇంటికి కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు దాని మీద తేదీ రాయండి. మనిషికి నెలకు అర లీటరుకు కాస్త అటూ ఇటూ సరిపోవాలి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతోందంటే బరువుకు ఒక కారణం వంటింట్లోనే దొరికినట్టు.

అపోహ: కొర్రలు, రాగులు ఎంత తిన్నా బరువు పెరగరు.

ప్రకాశం పడమటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు రాగి సంకటి, కొర్రన్నం చిన్నప్పటి తిండే. మంచి తిండి. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, నెలసరి ఆగి ఎముకలు గుల్లబారే ఈ వయసులో అది కావాలి కూడా. పీచు వల్ల తొందరగా ఆకలి వేయదు. అయితే తూకానికి తూకం చూస్తే బియ్యానికీ వీటికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. కొర్రన్నం కాబట్టి ఇంకో హస్తం వేసుకుందామంటే లెక్క మొదటికే వస్తుంది.

అపోహ: ఆపరేషన్ అయిన వైపు చేత్తో బరువులు ఎత్తితే చెయ్యి వాస్తుంది.

చంకలో గ్రంథులు తీసిన ఆడవాళ్లను ఈ భయం పదేళ్లయినా వదలదు. బిందె ముట్టరు, మనవణ్ణి ఎత్తుకోరు. చెయ్యి సన్నబడుతుంది, భుజం బిగుసుకుపోతుంది.

ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. తర్వాత చెయ్యి వాపు ఉన్న 141 మంది ఆడవాళ్లతో అమెరికాలో ఒక పరిశోధన చేసి 2009లో ప్రచురించారు. సగం మంది వారానికి రెండుసార్లు, మొదటి మూడు నెలలు దగ్గరుండి నేర్పించేవారి పర్యవేక్షణలో, ఆ తర్వాత సొంతంగా, చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ఏడాది పాటు ఎత్తారు. వాళ్లకు వాపు ఎక్కువ కాలేదు. వాపు ఉన్నట్టుండి ముదరడం వాళ్లలోనే తక్కువ. చేతుల్లో బలం కూడా పెరిగింది.

కాబట్టి ఎలా మొదలుపెట్టాలంటే, ముందు సర్జన్‌ను అడగండి. ఆయన సరేనన్నాక, వీలైతే ఫిజియోథెరపిస్ట్ దగ్గర రెండు మూడుసార్లు చూసి నేర్చుకోండి. అర లీటరు నీళ్ల సీసా చాలు. కూర్చుని మోచెయ్యి దగ్గర మడిచి పైకి, మళ్లీ కిందికి, పదిసార్లు. రెండు వారాలు చెయ్యి బరువెక్కకుండా, ఉంగరం బిగుతు కాకుండా ఉంటే కొంచెం పెంచండి. వాపు ఉన్నవాళ్లు చేతికి బిగుతు తొడుగు (కంప్రెషన్ స్లీవ్) వేసుకునే చేయాలి. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉంటే ఆపేసి డాక్టర్‌కు చూపించాలి.

కాళ్లకు కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కూర్చుని లేవడం. మొదటి రోజు రెండుసార్లు లేచినా సంతోషమే. దీంతో పాటు వారానికి నూట యాభై నిమిషాల నడక. మన ఎండల్లో తెల్లవారుజామున నడవండి, లేదంటే రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాలు వసారాలోనే నడిచినా లెక్కే. లెట్రోజోల్ రకం మాత్రలతో కీళ్లు పట్టేసేవాళ్లకు కూడా నడకా బరువులూ కలిపి చేస్తే నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నొప్పి పోయాక నడుద్దామని కూర్చుంటే నొప్పి పోదు.

కొన్ని చిన్న అపోహలు

సోయా తింటే క్యాన్సర్ తిరగబెడుతుందంటారు. చైనాలోని షాంఘైలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన ఐదు వేల మందికి పైగా ఆడవాళ్లను గమనించినప్పుడు, సోయా వంటకాలు ఎక్కువ తినేవాళ్లలో తిరగబెట్టడం తక్కువగానే కనిపించింది. కూరలో మీల్ మేకర్ భయం లేకుండా వేసుకోవచ్చు. సోయా సారంతో చేసిన క్యాప్సూళ్లు వేరే సంగతి, వాటి జోలికి వెళ్లొద్దు.

పంచదార క్యాన్సర్‌కు నేరుగా మేత అని కాఫీలో అర చెంచా వేసుకుని రాత్రంతా ఏడ్చినవాళ్లను చూశాను. ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది, ఆ అర చెంచా జబ్బును తిరగబెట్టదు. తగ్గించమనేది బరువు కోసం, షుగర్ కోసం.

బరువు తగ్గించే పొడులు, కషాయాలు, గ్రీన్ టీ సారం బిళ్లలు వద్దు. కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. పసుపు సారం క్యాప్సూళ్లను మిరియాల సారంతో కలిపి వేసుకుంటే, టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపం మోతాదు తగ్గుతుందని తేలింది. కూరలో చిటికెడు పసుపుకు ఇది వర్తించదు. కొత్తగా వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు కావాలంటే మీ క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడాకే.

అపోహ: ఇంత చేసినా తగ్గట్లేదంటే తప్పు నాదే.

కాదు. నెలకు అర కేజీ తగ్గినా మంచి తగ్గుదలే. డెబ్బై కేజీల మనిషి ఆరు నెలల్లో మూడున్నర కేజీలు తగ్గి నిలబెట్టుకుంటే షుగర్, బీపీ లెక్కల్లో తేడా కనిపిస్తుంది. కాటా కదలని నెలల్లో టేపుతో నడుం కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. కండ పెరిగి కొవ్వు కరిగే రోజుల్లో కాటా ముల్లు అక్కడే ఉంటుంది, బొందు మాత్రం వదులవుతుంది. మొదట్లో చెప్పిన ఆవిడకు ఐదు నెలల్లో తగ్గింది రెండు కేజీలే. నడుం మాత్రం ఆరు సెంటీమీటర్లు తగ్గింది.

అన్నీ సరిగ్గా చేస్తున్నా ఏమాత్రం కదలకపోతే, చూడాల్సిన కారణాలు వేరే ఉంటాయి. మెడ కింద కూడా కరెంటు పెట్టించుకున్నవాళ్లకు థైరాయిడ్ మందగించవచ్చు. దిగులుకూ నిద్రకూ ఇచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. వారంలోనే రెండు మూడు కేజీలు పెరిగి, రెండు పాదాలూ వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే అది కొవ్వు కాదు, గుండె సంగతి కావచ్చు. కొన్ని కీమో మందులు గుండెను బలహీనపరుస్తాయి, ఆలస్యం చేయకండి. ఏమీ చేయకుండానే బరువు దానంతటదే దిగిపోతుంటే సంబరపడకండి, అది కూడా డాక్టర్‌తో చెప్పాల్సిందే.

ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు మీరు వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ, వేసుకోవడం మానేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. రక్త పరీక్షల చీటీలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూడు నెలల సగటు షుగర్ లేకపోతే అడిగి రాయించుకోండి.