చేతికందిన ఆటగాడు ఎన్నాళ్లుంటాడు?

2025 జులై 31న, జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ల గడువు ముగిసే రోజు, అథ్లెటిక్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు మేసన్ మిల్లర్‌ను శాన్‌డియేగో జట్టుకు ఇచ్చేసింది. గంటకు 100 మైళ్లు దాటిన వేగంతో బంతి విసిరే పిచ్చర్ అతను. బదులుగా వచ్చినవాళ్లలో ముఖ్యుడు లియో డి వ్రీస్ అనే 18 ఏళ్ల షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసే ఫీల్డర్. నా లెక్కలో బేరం మంచిదే. చివరి ఇన్నింగ్స్‌కు మాత్రమే దిగే పిచ్చర్ కన్నా రోజూ ఆడే షార్ట్‌స్టాప్ ఎక్కువ అక్కరకొస్తాడు. అయినా ఈ జట్టు అభిమానికి ముందు కలిగేది భయమే: ఈ కుర్రాణ్ణయినా ఉంచుకుంటారా?

ఆ భయం వయసు నూరేళ్ల పైమాటే. జట్టు ఫిలడెల్ఫియాలో ఉన్న కాలంలో మేనేజర్, వాటాదారు అయిన కానీ మాక్ 1910, 1911, 1913లో ప్రపంచ టైటిల్ గెలిపించాడు. పోటీగా పుట్టిన ఫెడరల్ లీగ్ జీతాలు పెంచేసరికి, 1914 చివర్లో ఎడ్డీ కాలిన్స్‌ను 50 వేల డాలర్లకు షికాగోకు అమ్మాడు. మిగతా మేటి ఆటగాళ్లూ చెదిరిపోయారు. 1916లో ఆ జట్టుకు దక్కినవి 36 గెలుపులు, 117 ఓటములు. 1929, 1930లో మళ్లీ టైటిళ్లు. అంతలో మహామాంద్యం. సిమన్స్, గ్రోవ్, కాక్రన్, ఫాక్స్ ఒక్కొక్కరే అమ్ముడైపోయారు. కాన్సాస్ సిటీకి మారాకా అదే వరస. 1959లో న్యూయార్క్ జట్టు యాంకీస్‌కు ఇచ్చిన రోజర్ మారిస్ 1961లో అక్కడ 61 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు.

ఓక్లాండ్‌కు వచ్చింది 1968లో. 1972 నుంచి వరుసగా మూడు టైటిళ్లు. ఆటగాళ్లకు ఫ్రీ ఏజెంట్లయ్యే హక్కు, అంటే ఒప్పందం ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు, రాగానే, ఊరికే పోగొట్టుకోవడం ఎందుకని యజమాని చార్లీ ఫిన్లీ 1976 జూన్ 15న వైడా బ్లూను 15 లక్షల డాలర్లకు యాంకీస్‌కు, జో రూడి, రాలీ ఫింగర్స్‌లను తలా 10 లక్షలకు బోస్టన్‌కు అమ్మాడు. ఆ రోజు బోస్టన్ జట్టు ఓక్లాండ్‌లోనే ఉంది. ఆ ఇద్దరూ అదే స్టేడియంలో ఎదుటి జట్టు గదికి నడిచి వెళ్లి కొత్త యూనిఫాం వేసుకున్నారు. మూడు రోజులకు బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్ అమ్మకాలను రద్దు చేశాడు. ఫలం లేకపోయింది. సీజన్ ముగిశాక రూడి, ఫింగర్స్ ఎలాగూ వెళ్లిపోయారు. 1979లో జట్టు 108 ఆటలు ఓడింది.

ఇటీవలి గాయం మరీ పచ్చిది. 2022 మార్చిలో జట్టులోని మేటి ఆటగాళ్లు బాసిట్, ఓల్సన్, చాప్‌మన్ వారం తిరక్కుండా ట్రేడయ్యారు. మరుసటి ఏడు 112 ఓటములు. 2023 జూన్ 13న 27,759 మంది స్టేడియానికి వచ్చారు. చాలామంది ఒంటిమీద ఆకుపచ్చ టీషర్టు, దానిమీద ‘అమ్మేయ్’ అన్న ఒకే మాట. ఈసారి అమ్మమన్నది ఆటగాళ్లను కాదు, జట్టునే. తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ఫ్రీమాంట్‌కు స్టేడియం తెస్తామని 2006లో చెప్పి, 2009లో విరమించుకున్నదీ ఈ యాజమాన్యమే.

ఓక్లాండ్‌ను వదిలేసిన జట్టుకు ఇప్పుడు తాత్కాలిక మకాం వెస్ట్ శాక్రమెంటో, 2028కి లాస్‌వేగాస్ అంటున్నారు. కొత్త ఊరికి చూపించుకోవడానికి పేరున్న ఆటగాళ్లు కావాలి కాబట్టే 2025లో బ్రెంట్ రూకర్‌తో ఐదేళ్లకు 6 కోట్ల డాలర్లు, లారెన్స్ బట్లర్‌తో ఏడేళ్లకు 6.55 కోట్ల డాలర్ల ఒప్పందాలు కుదిరాయని నా నమ్మకం. ఇలాంటి సంతకాల కోసమే ఓక్లాండ్ ఏళ్ల తరబడి ఎదురుచూసింది. 2024 సెప్టెంబర్ 26న అక్కడి చివరి ఆటకు 46,889 మంది వచ్చారు. ఆట అయ్యాక మైదానం సిబ్బంది తవ్వి పెట్టిన మట్టి కాస్త చేతపట్టుకుని కొందరు ఇంటికి వెళ్లారు.